శ్రీ బైన్ గారికి ఒక విరిగిన భుజం రాయు ఉత్తరం

అయ్యా బైన్ గారూ,

జర్మన్‌లో తమరంటే కాలు అని క్లాసులో చెప్పారు, నమ్మాను. పోయిన నెల స్టుట్‌గార్ట్‌లో మంచు మీద జారి భుజం నేలకేసి పడ్డాను. ఆసుపత్రి కాగితంలో 'ష్లుస్సెల్‌బైన్' విరిగిందని రాసుంది. ష్లుస్సెల్ అంటే తాళంచెవి. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను: "చెయ్యి లేవట్లేదంటే తాళంచెవి కాలు విరిగిందంటున్నారమ్మా!"

"తలకేమన్నా తగిలిందేమో చూపించుకో నాయనా" అంది అమ్మ.

తీరా చూస్తే అది కాలర్ బోన్.

అప్పుడు తమరి పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. తమరు పుట్టుకతో ఎముకేనట కదండీ! ఇంగ్లీషు బోన్ తమరి తోడబుట్టినవాడేనట! జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో 1841లో బయటపడ్డ పాత మంత్రం ఒకటుంది, రాత పదో శతాబ్దం నాటిది. బాల్డర్ దేవుడి గుర్రానికి కాలు బెణికితే వోడన్ అనే ఇంకో దేవుడు "బేన్ త్సి బేనా" అన్నాడు. ఎముకకు ఎముక అతుకుకో అని. అప్పటికి తమరు బుద్ధిగా ఎముక పనే చేస్తున్నారు. తర్వాత ఆ పని క్నోఖెన్ అనే మరో మాటకి అప్పగించి తమరు కాళ్ళలోకి దిగారు. దిగినవారు పాత ఇల్లు ఖాళీ చెయ్యాలా వద్దా? ముక్కు ఎముక నాజెన్‌బైన్, చచ్చినవాళ్ళ అస్థికలు గెబైనె, ఏనుగు దంతం ఎల్ఫెన్‌బైన్. గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమిన కథలో కూడా దంతాన్ని పట్టుకుని కాలన్నవాడు లేడండీ.

తమ చుట్టాలూ తక్కువ తినలేదు. స్వీడన్‌లో బేన్ అంటే కాలూ ఎముకా రెండూను. డచ్చివాళ్ళదీ ఇదే గోల, కాకపోతే బహువచనంలో కాస్త కనికరించారు: కాళ్ళయితే బేనెన్, ఎముకలైతే బేన్‌డెరెన్. ఇంగ్లీషువాళ్ళు బోన్‌ని ఎముకగానే ఉంచారు గానీ, కాలు కోసం పాత స్కాండినేవియా నార్స్‌వాళ్ళ దగ్గర లెగ్ అరువు తెచ్చుకున్నారు. ఇంట్లో కాలుకి షాంక్ అనే సొంత మాట ఉండగానే! 1307లో పోయిన ఎడ్వర్డ్ రాజుని పొడుగుకాళ్ళవాడని లాంగ్‌షాంక్స్ అనేవారు మరి.

మా ఇంటి ఓనరమ్మ ఇక్కడి స్వాబియన్ మనిషి. మొన్న తొడ నిమురుకుంటూ "ఫూస్ నొప్పి" అంది. ఫూస్ అంటే పాదమని పుస్తకం. ఆవిడ యాసలో మాత్రం తుంటి దగ్గర్నుంచి బొటనవేలి దాకా అంతా ఫూసే, అచ్చం మన కాలు లాగా. ఆ ఒక్క మాటా నాకు పుస్తకం తియ్యకుండా అర్థమైంది.

వచ్చే వారం కట్టు విప్పుతారు. ఆ కాగితంలో తమరు ఏ అవయవం మీద కూర్చుని ఉంటారో ముందే కబురు పంపగలరు. అమ్మకి చెప్పుకోవాలి.

ఇట్లు,
రెండు కాళ్ళూ నిక్షేపంగా ఉన్న
తమ విధేయుడు