చూసుకుని నడపాలంట!

నిన్న రాత్రి మా బావమరిది అన్న ఒక్క మాటకి మంట ఇంకా తగ్గలేదు. ఆఫీసుకి లేటైనా ఫర్లేదు, ఇది రాశాకే స్నానం.

భోజనాలయ్యాక టీవీలో 2020 టర్కీ ర్యాలీ (జెండాల ర్యాలీ కాదు, కార్ల రేసు) హైలైట్స్ పెట్టుకున్నా. మర్మారిస్ దగ్గర కొండల్లో చెతిబెలి స్టేజ్ (టైము లెక్కపెట్టి నడిపించే ఒక్కో దారిని స్టేజ్ అంటారు), 38 కిలోమీటర్లు. అది రోడ్డు కాదు, క్రషర్ దగ్గర కంకర లారీ బోల్తా కొడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆదివారం పొద్దున డ్రైవర్లలో న్యూవిల్ ముందున్నాడు, వెనకే ఓజియే, లోబ్. స్టేజ్ అయ్యేసరికి ముగ్గురికీ పంక్చర్లే. నాలుగో స్థానంలో ఉన్న ఎవాన్స్ నాలుగు టైర్లలో గాలితో బయటికొచ్చి ర్యాలీ గెలుచుకుపోయాడు. న్యూవిల్ టైరు పీలికలై కొట్టుకుంటుంటే నా పక్కన కూర్చుని బత్తాయి వలుచుకుంటున్న మా వాడు ఏమన్నాడో తెలుసా?

"చూసుకుని నడపాలి కదా బావా."

అయ్యా, ఓజియేకి, లోబ్‌కి కలిపి అప్పటికే 15 ప్రపంచ టైటిళ్లు. ఒకరివి ఆరు, ఒకరివి తొమ్మిది. వాళ్లకి చూసుకుని నడపడం రాదట. కూకట్‌పల్లిలో ఆటో అద్దం గీకి పారిపోయి వచ్చినవాడు చెబుతున్నాడు.

అసలు రాయి ఎక్కడినుంచి వస్తుందో తెలుసా వీడికి? ముందు వెళ్లిన కార్లు మలుపు లోపలికి కోసుకుంటూ పోతే మట్టి కిందున్న రాళ్లన్నీ పైకి లేస్తాయి. పొద్దున మెత్తగా ఉన్న దారే మధ్యాహ్నం రెండో రౌండుకి రాళ్ల గుట్ట. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే కో-డ్రైవర్ చదివే నోట్సులో మలుపు ఉంటుంది, పది నిమిషాల కిందట ఎవడో బయటికి లాగిన రాయి ఉండదు. ఆ రాయికీ రిమ్ముకీ మధ్య టైరు నలిగితే దేవుడు నడిపినా గాలి పోతుంది.

పోయాక ఏం చెయ్యాలి? డ్రైవర్, కో-డ్రైవర్ ఇద్దరే దిగాలి. పక్కన జనం వందమంది ఉన్నా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, రూలు. జాకీ ఎత్తి, నట్లు విప్పి, కొత్త చక్రం బిగించి మళ్లీ బెల్టులు పెట్టుకునేసరికి రెండు నిమిషాలు హాంఫట్. పదో వంతు సెకండ్లతో గెలుపోటములు తేలే చోట రెండు నిమిషాలు! సరే, దిగకుండా పంక్చర్‌తోనే లాగిద్దామంటే టైరు చీలి వీల్ ఆర్చ్‌ని, లోపలి పైపుల్ని కొట్టి పడేస్తుంది. స్టెప్నీ ఒకటి పెట్టుకోవాలా రెండా అన్నది ఇంకో టెన్షన్. రెండు పెడితే బరువు, ఒకటి పెడితే భయం. మూడో పంక్చర్ అయితే రిమ్ము మీద ఈడ్చుకుంటూ రావడమే.

ఇదంతా అక్కర్లేకుండా చేసే వస్తువు ఒకప్పుడు ఉండేదండీ. నా కడుపుమంట అదే. మూస్ అంటారు. టైరు లోపల ఉంగరంలా చుట్టి ఉండే ఫోమ్. గాలి ఉన్నంతసేపు ఆ ఒత్తిడికి అణిగి కూర్చుంటుంది. గాలి పోయిందా, ఉబ్బి ఆ ఖాళీ అంతా నింపేస్తుంది. ఆగక్కర్లేదు, దిగక్కర్లేదు, కాస్త నెమ్మదిగా అయినా స్టేజ్ దాటేయొచ్చు. 1980లలో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ వాళ్లు తెచ్చారు. 2008లో ప్రపంచ ర్యాలీ నడిపే పెద్దమనుషులు అందరికీ ఒకే కంపెనీ టైరు అన్న రూలు పెట్టి, ఆ పని పిరెల్లీకి ఇచ్చి, మూస్‌ని నిషేధించారు. కారణం? ఖర్చు తగ్గించాలట!

ఖర్చంట. ఇదే పెద్దమనుషులు 2022లో పై క్లాసులో పోటీపడే ప్రతి కారులోనూ హైబ్రిడ్ బ్యాటరీ, మోటారు ఎక్కించారు. 2025 వచ్చేసరికి అబ్బే వద్దు, తీసెయ్యండి అన్నారు. మూడేళ్ల ముచ్చట. ఆ డబ్బు పెడితే ఎన్ని టైర్లలో ఎంత ఫోమ్ వచ్చేదో లెక్కలొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కింద కామెంట్లో వేయండి. పైగా టైర్లకి బార్‌కోడ్ వేసి, ర్యాలీ మొత్తానికి ఇన్నే అని రేషన్ షాపులో బియ్యంలా లెక్కపెట్టి ఇస్తారు.

"నిషేధించారంటే ఏదో ఉండే ఉంటుందిలే బావా" అంటాడు మావాడు. ఏమీ లేదురా. డాకర్ అని ఎడారిలో రోజుల తరబడి సాగే ర్యాలీ ఉంది, అందులో బైకులవాళ్లు ట్యూబు బదులు హాయిగా మూసే వాడతారు. 2024లో మన కేరళ కుర్రాడు హరిత్ నోవా బైకుల్లో ర్యాలీ-2 అనే క్లాసు గెలిచిన డాకర్ అదే. కార్లలో కూడా నోరున్నవాడికి న్యాయం జరిగింది. 2021 డాకర్‌లో బగ్గీలకి (రెండు చక్రాలకే ఇంజను శక్తి వెళ్లే ఎడారి బండ్లు) పెద్ద టైర్లు, ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకి చిన్న టైర్లు. ఫోర్ వీల్ డ్రైవ్ కారు నడిపే ఖతార్ డ్రైవర్ అల్ అత్తియాకి పంక్చర్ల మీద పంక్చర్లు. ఊరుకోలేదు, గోల చేశాడు. 2022కల్లా 37 అంగుళాల టైర్లతో కొత్త క్లాసు వచ్చింది, ఆ ఏడు గెలిచిందీ ఆయనే. టైరు మారితే ఫలితం మారిందా లేదా? "చూసుకుని నడపడం" ఒక్క ఏడాదిలో నేర్చుకున్నాడా?

టైరు అంటే చిన్నచూపు మనవాళ్లకి. మావాడు జహీరాబాద్ వెళ్లినప్పుడల్లా సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ పక్కనుంచే వెళ్తాడు. ఆ కంపెనీ టైర్ల మీద లరేనా అనే స్పెయిన్ కుర్రాడు 2022లో యూరప్ ర్యాలీ చాంపియన్ అయ్యాడని చెబితే "బ్యాట్ మీద స్టిక్కర్ వాళ్లదేగా" అన్నాడు. ఇదీ పరిస్థితి.

సరే, అసలు సంగతి చెప్పేస్తా. ఆ టర్కీ ర్యాలీ జరిగిన 2020లోనే మన కేంద్రం కూడా ఒక రూలు తెచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉంటే కారులో స్టెప్నీ ఇవ్వక్కర్లేదని. నేను కారు కొనేటప్పుడు షోరూంలో ఆ టై కట్టుకున్న అబ్బాయి అదే పాట పాడాడు. నేను వద్దంటున్నా, "స్టెప్నీ ఎందుకు బావా, డిక్కీలో చోటు దండగ" అని పక్కనుంచి తాళం వేసింది ఎవరు? మా బావమరిదే.

పోయిన సంక్రాంతికి సూర్యాపేట దాటాక రాత్రి పదకొండింటికి టైరు పక్కగోడ కోసుకుపోయింది. ఆ కిట్‌లో సీసా ఒకటి, బుల్లి కంప్రెసర్ ఒకటి. మేకు గుచ్చుకున్న బొక్కకైతే పనికొస్తుందేమో, జానెడు కోతకి ఏం చేస్తుంది? సీసా మొత్తం ఎక్కించాను. ఇటునుంచి పోస్తుంటే అటునుంచి గంజి వార్చినట్టు కారిపోయింది. పిల్లలు నిద్ర, మా ఆవిడ మౌనం (అది అన్నిటికంటే ప్రమాదం), పక్కనుంచి లారీలు. మూడు గంటలు. చివరికి ఒక లారీ డ్రైవర్ అన్న ఆగి, పంక్చర్ షాపతన్ని నిద్రలేపి తీసుకొస్తే బతికాం.

ఆ మూడు గంటల్లో మావాడికి ఫోన్ చేశాను. అప్పటికే ఊళ్లో అరిసెలు నములుతున్నాడు. నమలడం ఆపకుండానే అన్నాడు:

"చూసుకుని నడపాల్సింది బావా."

నిన్న రాత్రి మళ్లీ అదే మాట, అదే నమలడం. ఈ పోస్ట్ వాడూ చదువుతాడు. చదవనీ. ఆ సంక్రాంతి దెబ్బ తర్వాత నా డబ్బుతో కొనుక్కున్న స్టెప్నీ, జాకీ, పానా కూడా "రెండ్రోజుల్లో ఇస్తా బావా" అని వాడే పట్టుకుపోయి నెలయింది. శనివారానికి నా ఇంటికి రావాలి.