వెయ్యి ల్యూమెన్ల కాపురం

(వంటింటి గట్టు. కాఫీ గ్లాసుల పక్కన రెండు టార్చిలైట్లు, డిజిటల్ త్రాసు, స్కేలు, మల్టీమీటరు. సరస్వతి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు ప్రాక్టికల్సు చేయించి రిటైరైన మనిషి. విశ్వం లైటు కొన్న మనిషి.)

విశ్వం: ముందు డబ్బా మీద చదువు. వెయ్యి ల్యూమెన్ల వెలుగు! పెరటి గుమ్మంలో నిలబడి కొడితే రామాలయం ధ్వజస్తంభం కనపడుతుంది.

సరస్వతి: ధ్వజస్తంభం ఎక్కడుందో మనకు తెలుసు. లైటు చొక్కా జేబులో వేసుకుని వంగండి.

విశ్వం: నేనేమైనా నీ ఇంటర్ పిల్లాణ్ణా?

సరస్వతి: వాళ్ళయితే ఈపాటికి వంగేవాళ్ళు.

(విశ్వం వంగాడు. లైటు జేబులోంచి జారి స్టూలు మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద పడింది.)

సరస్వతి: 122 గ్రాములు, 117 మిల్లీమీటర్లు. జేబు లోతుకన్నా లైటు పొడుగు. పైగా క్లిప్పు మధ్యలో ఎక్కడో ఉంది. సగం లైటు బయటే వేలాడుతుంది.

విశ్వం: ప్యాంటు జేబులో వేసుకుంటాను.

సరస్వతి: మీరు ప్యాంటు వేసుకునేది పెళ్ళిళ్ళకి, బ్యాంకుకి. మిగతా రోజులన్నీ లుంగీయే. లుంగీ ముడిలో దోపితే ముడి నిలబడాలంటే 60 గ్రాములు దాటకూడదు. ఇదిగో, ఈ చిన్నది చూడండి. బ్యాటరీతో కలిపి 58 గ్రాములు. పొడుగు 86. క్లిప్పు అంచు దాకా ఉంది, కాబట్టి గుడ్డలో పూర్తిగా మునుగుతుంది.

విశ్వం: ఇదెక్కడిది?

సరస్వతి: మీరు అది కొన్న రోజే నేను ఇది కొన్నాను. మీ సంగతి నాకు తెలియదా?

విశ్వం: కట్టుకున్నవాడి మీద ఆమాత్రం నమ్మకం లేదన్నమాట! సరే, నీదెన్ని ల్యూమెన్లు?

సరస్వతి: నాలుగు వందలు.

విశ్వం: (విజయగర్వంతో) సగం కూడా లేదు!

సరస్వతి: వెలుగు నాలుగింతలు పెరిగితే కంటికి దాదాపు రెండింతలుగానే తోస్తుంది. వెయ్యికీ నాలుగు వందలకీ తేడా మీరనుకున్నంత ఉండదు. ఫోనులో లక్స్ మీటరు యాప్ తెరిచి ఆ గోడ దగ్గర పట్టుకోండి. నేను మీ లైటుతో అయిదు మీటర్ల దూరం నుంచి కొడతాను. బీము నడిమి భాగం సెన్సారు మీదే పడాలి, కదలకండి.

విశ్వం: నాలుగు వందల లక్సు చూపిస్తోంది.

సరస్వతి: దూరం అయిదు కాబట్టి ఇరవై అయిదుతో గుణించాలి. 10,000 క్యాండెలాలు, బీము నడిమి వెలుగు బలం అది. దాని వర్గమూలం నూరు, రెట్టింపు చేస్తే వెలుగు చేరే దూరం, 200 మీటర్లు. ఫోను సెన్సారు కచ్చితమైనది కాదు గానీ, డబ్బా మీద కూడా రెండు వందలే వేశాడు. సరిపోయింది.

విశ్వం: చూశావా! నిజాయితీపరుడు!

సరస్వతి: ఆ రెండు వందల మీటర్ల దగ్గర వెలుగెంతో తెలుసా? పావు లక్సు. అంటే పౌర్ణమి వెన్నెలంత. ఆ లెక్కన పౌర్ణమికి మీ ధ్వజస్తంభం లైటు లేకుండానే కనపడుతుంది. అక్కడున్నది ఆవో గేదో పోల్చుకోవాలంటే ఆ దూరంలో మూడోవంతు లెక్కేసుకోండి. నాది 80 లక్సు, అంటే 2,000 క్యాండెలాలు, 90 మీటర్లకి కాస్త తక్కువ. పెరటి గోడ ఎంత దూరం?

విశ్వం: ...పన్నెండు మీటర్లు.

సరస్వతి: రాసుకోండి.

విశ్వం: మరి ఇది చూడు. “1000 ల్యూమెన్లు, 12 గంటలు.” నీ బుల్లి లైటు వెలుగుతుందా పన్నెండు గంటలు?

సరస్వతి: ఆ రెండు అంకెల మధ్య కామా ఉందండీ. వెయ్యి ల్యూమెన్లు పన్నెండు గంటలు అని కాదు. వెయ్యి ల్యూమెన్లు ఒక సంగతి, పన్నెండు గంటలు ఇంకో సంగతి. బ్యాటరీ మీద ఏముంది?

విశ్వం: 18650 సైజు. 3500 ఎంఏహెచ్.

సరస్వతి: 3.5 ఆంపియర్ గంటల్ని 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్ అవర్లు. ఈ సైజు లైటు వాటుకి నూరు ల్యూమెన్లు ఇచ్చిందంటే మంచి లైటే. వెయ్యి ల్యూమెన్లకి పది వాట్లు కావాలి. అంటే గంటంపావు. పన్నెండు గంటలు వెలగాలంటే సగటున నూరు ల్యూమెన్లు.

విశ్వం: అయితే దొంగ రాతా?

సరస్వతి: దొంగ రాత కాదు, అందరూ ఒప్పుకున్న రాత. ఎఫ్ఎల్1 అని టార్చిలైట్లకో ప్రమాణం ఉంది. వెలిగించాక 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు కొలిచిన వెలుగు డబ్బా మీద వేస్తారు. అది పదో వంతుకి పడిపోయేదాకా ఉన్న టైమంతా వెలిగిన టైమే. మధ్యలో ఎప్పుడు ఎంత తగ్గిందో అడిగే దిక్కు లేదు. ఏదీ, ఫుల్‌లో పెట్టి గోడకేసి ఉంచండి, ఫోను అక్కడే ఉండనివ్వండి.

(మూడు నిమిషాలు. విశ్వం లైటును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.)

విశ్వం: అబ్బ, చెయ్యి కాలుతోందే! రీడింగు కూడా నూట యాభైకి దిగింది.

సరస్వతి: దిగాలి. దిగకపోతే లోపల ఎల్ఈడీ మాడుతుంది. ఇంత చిన్న అల్యూమినియం గొట్టం పది వాట్లలో వేడయ్యేదంతా ఎక్కడ దాచుకుంటుంది? ఇప్పుడు ఫ్యాను కింద పెట్టండి. వెలుగు మళ్ళీ పెరిగిందా?

విశ్వం: పెరిగింది. నూట తొంభై.

సరస్వతి: అయితే వేడి చూసి తగ్గించే సర్క్యూటు. పెరక్కపోతే గడియారం చూసి తగ్గించేదని. ఇక్కడ మీది నెగ్గింది. నాది గడియారం బాపతు. చలికాలమైనా నిమిషంన్నరకి తగ్గిపోతుంది.

విశ్వం: (తేరుకుని) ఇంకో సంగతి. దీంతో బ్యాటరీ ఒకటి ఉచితంగా ఇచ్చాడు. దాని మీద 9900 ఎంఏహెచ్! మూడింతలు!

సరస్వతి: త్రాసు మీద పెట్టండి.

విశ్వం: 31 గ్రాములు.

సరస్వతి: మొదటిది?

విశ్వం: 47.

సరస్వతి: అసలైన 18650 ఏదైనా 45, 50 మధ్య తూగుతుంది. ఆ సైజులో నాలుగు వేలు దాటించడమే గగనం, తొమ్మిది వేల తొమ్మిది వందలు ఎక్కడ కుక్కుతాడు? అది అవతల పెట్టండి. చెత్తబుట్టలో వెయ్యకండి, టెర్మినళ్ళకి టేపు వేసి ఈ-వేస్టు తీసుకునే చోట ఇద్దాం.

విశ్వం: గోడగడియారానికి వేద్దామనుకున్నానే...

సరస్వతి: 18650 గడియారంలో ఎలాగూ పట్టదు. నా లైటులో ఉన్న 14500 బ్యాటరీ మాత్రం అచ్చం పెన్సిల్ బ్యాటరీ సైజే. దాని జోలికి వెళ్ళకండి. అది నిండుగా ఉంటే 4.2 వోల్టులు, గడియారానికి కావలసింది ఒకటిన్నర. మేనత్తగారిచ్చిన గడియారం ముక్కలవుతుంది.

విశ్వం: మరి పెన్సిల్ బ్యాటరీ నీ లైటులో వెయ్యొచ్చా?

సరస్వతి: అది మంచి ప్రశ్న. ఎప్పుడో అడుగుతారు. లైటు మీద 0.9 నుంచి 4.2 వోల్టులని వేసి ఉంటే వెయ్యొచ్చు. దీనిమీద ఉంది. వెలుగు తగ్గుతుంది గానీ, చార్జి అయిపోయిన వేళ కిరాణా కొట్టు బ్యాటరీతో ఇల్లు చేరొచ్చు. ఆల్కలైన్‌ది మాత్రం పని కాగానే తీసెయ్యాలి, వదిలేస్తే కారి స్ప్రింగు తినేస్తుంది.

విశ్వం: సరే, ఇక నా లైటు గొప్పతనం ఇంకోటి చూపిస్తా. ఈ బటన్ రెండుసార్లు నొక్కితే—

(గదంతా టపటపా మెరుపులు. సరస్వతి కొంగుతో కళ్ళు మూసుకుంది.)

సరస్వతి: ఆపండి! అదే, రాత్రి రెండింటికి మీరు చేసిన పని. బాత్రూముకని లేచి నొక్కారు, ముందు వెయ్యి ల్యూమెన్లు, తర్వాత ఈ దీపావళి. నాకు తెల్లారేదాకా నిద్ర లేదు.

విశ్వం: చీకట్లో తక్కువ మోడు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

సరస్వతి: తెలియక్కర్లేకుండా ఉండాలి. అసలు పరీక్ష ఇదే. ఆరిన లైటు మొదటి నొక్కుకి ఎంత వెలుగిస్తుంది? మీది కిందటిసారి ఆర్పినప్పుడున్న మోడులోనే వెలుగుతుంది. ఫుల్‌లో ఆర్పితే మళ్ళీ ఫుల్లే. నాది బటన్ నొక్కి పట్టుకుంటే, కిందటిసారి ఎలా ఉన్నా, ఒక్క ల్యూమెనుతో వెలుగుతుంది. చీకటికి అలవాటు పడిన కంటికి అది చాలు, గచ్చు మీద తేలు కూడా కనపడుతుంది. ఆ అలవాటు పూర్తిగా రావడానికి కంటికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మీరు ఒక్క సెకనులో పోగొట్టారు.

విశ్వం: నేనేదో హత్య చేసినట్టు...

సరస్వతి: మెరుపుల మోడు ఉంటే ఉండనివ్వండి, కానీ మామూలు మోడుల వరసలో కలవకూడదు. మూడు నొక్కులవతల ఎక్కడో దాక్కోవాలి.

విశ్వం: పామొస్తే? అప్పుడు వెయ్యి కావాలిగా!

సరస్వతి: పాము రెండడుగుల దూరంలో ఉంటే వెయ్యి ల్యూమెన్లు తడి గడ్డి మీద పడి మీ కళ్ళలోకే వస్తాయి. నూరు చాలు. లైటు కంటి ఎత్తున కాదు, నడుం దగ్గర పట్టుకోండి. అప్పుడు రాయికైనా పాముకైనా నీడ పొడుగ్గా పడి తెలుస్తుంది. కంటి పక్కన పట్టుకుంటే నీడ వస్తువు వెనకాలే దాక్కుంటుంది, అంతా చదునుగా ఉంటుంది.

(విశ్వం లైటు నడుం దగ్గర పెట్టి, బల్ల కింది మిరపకాయల మీద కొట్టి చూశాడు. ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే.)

సరస్వతి: ఆ మిరపకాయల రంగెలా ఉంది?

విశ్వం: గోధుమరంగులో... అయ్యో, పాడయ్యాయా?

సరస్వతి: నా లైటు కొట్టండి.

విశ్వం: ఎర్రగా ఉన్నాయే!

సరస్వతి: రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె సీఆర్ఐ, మీది 70. వెలుగు రంగు చెప్పే అంకె 6500 కెల్విన్. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. నాది 90 పైన, 4500. ఇలాంటి ఎల్ఈడీకి ల్యూమెన్లు కాస్త తగ్గుతాయి, అందుకే డబ్బా మీద చిన్న అంకె. మెయిన్ దగ్గర ఎర్ర వైరేదో గోధుమరంగు వైరేదో చూడాల్సి వస్తే ఏ లైటు పట్టుకుంటారు?

విశ్వం: ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను.

సరస్వతి: అది మాత్రం తెలివైన జవాబు. ఫ్యాను స్పీడుగా తిప్పి, తక్కువ మోడులో రెక్కల మీద కొట్టండి. రెక్కలు ఆగినట్టో ముక్కలైనట్టో కనపడితే, వెలుగు తగ్గించడానికి సర్క్యూటు లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తోందన్నమాట. చదువుతుంటే తలనొప్పి.

విశ్వం: నాది ముక్కలు. నీదీ ముక్కలేనని చెప్పు.

సరస్వతి: నాది కాదు, చూసుకోండి.

విశ్వం: నీళ్ళ పరీక్ష! డబ్బా మీద ఐపీఎక్స్ 8 అని ఉంది, నీళ్ళలో ముంచినా బతుకుతుందట!

సరస్వతి: ఇద్దాం. ముందు వెనక మూత విప్పి, నీళ్ళు రానివ్వని రబ్బరు చుట్టు, అదే ఓ-రింగు, చూడండి. ఇదేమిటి, తెల్లగా గడ్డకట్టి ఉంది?

విశ్వం: కొబ్బరినూనె రాశాను. జారుడుగా ఉంటుందని.

సరస్వతి: 24 డిగ్రీలకి గడ్డకట్టే నూనె! సిలికాన్ గ్రీజు, బియ్యపు గింజంత. వ్యాజ్‌లైన్ కూడా వద్దు, ఏ రబ్బరో తెలియనప్పుడు కొన్ని రకాలు ఉబ్బిపోతాయి. చార్జింగు పోర్టు మీది రబ్బరు మూత గట్టిగా నొక్కి బకెట్లో వెయ్యండి. బకెట్ లోతు అడుగే, ఇందులో బతికితే వానకి బతుకుతుంది. బావికి హామీ లేదు.

(రెండూ అరగంట బకెట్లో. రెండూ బతికాయి. ఈలోగా కాఫీ.)

విశ్వం: నీ లైటుకి అడుగున అయస్కాంతం లేదు. నాకుంది. బీరువాకి అతుక్కుంటుంది, గ్యాసు బండకి అతుక్కుంటుంది. రెండు చేతులూ ఖాళీ!

సరస్వతి: ఒప్పుకుంటాను. ఈ స్టీలు సింకుకి మాత్రం అతుక్కోదు, ఆ రకం స్టీలుకి అయస్కాంతం పట్టదు. మా అన్నయ్య వచ్చినప్పుడు మాత్రం చొక్కా జేబులో పెట్టి కౌగిలించుకోకండి. పేస్‌మేకర్ ఉన్న మనిషికి అయస్కాంతం ఆరంగుళాల దూరంలో ఉండాలి.

విశ్వం: మీ అన్నయ్యని నేనెప్పుడు కౌగిలించుకున్నాను?

సరస్వతి: లాకవుట్, అంటే నొక్కినా వెలగకుండా వేసే తాళం, చూద్దాం. వెనక మూత పావు చుట్టు వదులు చేసి బటన్ నొక్కండి.

విశ్వం: వెలగలేదు. పాడైపోయిందా?

సరస్వతి: లేదు, మరలకి అనొడైజింగు ఉంది, అంటే కరెంటు పోనివ్వని పూత, కాబట్టి దారి తెగింది. సంచిలో దానంతటదే వెలిగి గుడ్డలు కాలిపోకుండా ఇదే కాపలా. బటన్ ఎలక్ట్రానిక్‌ది కాబట్టి ఆరి ఉన్నా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. మల్టీమీటరులో యాభై మైక్రోఆంపియర్లయితే వెయ్యి ఎంఏహెచ్ బ్యాటరీ రెండేళ్ళ పైన ఆగుతుంది. ఒక మిల్లీఆంపియరైతే నలభై రోజులకి ఖాళీ. పావు చుట్టు తిప్పితే రెండు గొడవలూ లేవు.

విశ్వం: అంతా అయింది. ఇక తీర్పు చెప్పు తల్లీ.

సరస్వతి: పెద్దది మోటారు షెడ్డు మేకుకి. చిన్నది ఒంటి మీదికి.

విశ్వం: ఎవరి ఒంటి మీదికి?

సరస్వతి: (చిన్న లైటు నడుం దగ్గర తాళాల గుత్తి పక్కన తగిలించుకుంటూ) పెద్దది చార్జింగుకి పెట్టండి. మీ ఫోను చార్జరుతో ఎక్కదు, దానికి రెండు వైపులా సీ-టైపు పిన్నే. ఈ లైటు పోర్టులో పెట్టాల్సిన 5.1 కిలో ఓముల రెసిస్టర్లు రెండూ పెట్టకుండా పొదుపు చేశాడు, చార్జరు దాన్ని గుర్తుపట్టదు. ఒక వైపు వెడల్పు యూఎస్‌బీ పిన్ను ఉన్న పాత వైరు కావాలి.

విశ్వం: ఆ వైర్లన్నీ అటక మీది డబ్బాలో ఉండాలి. ఆ డబ్బా ఏది?

సరస్వతి: ...

విశ్వం: సరస్వతీ, డబ్బా ఏదే?

సరస్వతి: పాత సామాన్లవాడొస్తే వేసేశాను. ఉల్లిపాయలిచ్చాడు.

విశ్వం: ఎన్ని?

సరస్వతి: రెండు కిలోలు.

విశ్వం: అదా, వారమంతా ఉల్లిపాయ పులుసు పెట్టింది!