పగడం మీద నిలబడే హక్కు

సముద్రంతో తెలుగువాడి సంబంధం మోకాళ్ళ దాకానే. ఇది నింద కాదు, సంప్రదాయం. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలోనో మంగినపూడిలోనో దిగుతాం. కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని మూడు మునకలు వేస్తాం. లేచి నిలబడతాం. మిగతా రోజుల్లో విశాఖ బీచ్‌లో ప్యాంటు మడిచి, చెప్పులు ఒక చేత్తో, మొక్కజొన్న పొత్తు ఇంకో చేత్తో పట్టుకుని, అల వస్తే వెనక్కి, పోతే ముందుకి నడుస్తాం. పుణ్యానికైనా కాలక్షేపానికైనా మన సముద్ర విధానం ఒక్కటే: నిలబడటం.

అలాంటి జాతిని అండమాన్ తీసుకెళ్ళి బోర్లా పడుకోమంటున్నారు. ముఖం నీళ్ళలో పెట్టాలట. కళ్ళు తెరవాలట. నోరు మెదపకూడదట. కాళ్ళు ఎక్కడా ఆనించకూడదట. దీనికి స్నార్కెలింగ్ అని పేరు పెట్టి, పైగా డబ్బులు తీసుకుంటున్నారు. ఈ అన్యాయం మీద ఎవరో ఒకరు గొంతెత్తాలి. నోట్లో గొట్టం ఉన్నవాళ్ళు ఎత్తలేరు కాబట్టి ఆ బాధ్యత ఒడ్డున కూర్చున్న నాలాంటివాళ్ళ మీద పడింది.

ముందు ఘటనా స్థలం గురించి చెప్పాలి. హేవ్‌లాక్ దీవి. 2018 డిసెంబరు నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. జెట్టీ నుంచి స్పీడ్‌బోటులో ఇరవై నిమిషాలు పోతే ఎలిఫెంట్ బీచ్. అడవి దారిన నడిచి కూడా వెళ్ళవచ్చు కానీ, ప్యాకేజీలో నడక ఉందంటే మనం ఏజెంటును మార్చేస్తాం. అక్కడ ఏనుగులుండవు. ఒకప్పుడు కలప దుంగలు లాగడానికి ఈ దీవులకు ఏనుగుల్ని తెచ్చారు. ఒక దీవిలో పని అయిపోతే ఇంకో దీవికి ఈదుకుంటూ పోయేలా వాటికి తర్ఫీదు ఇచ్చారు. ఆ తరం ఏనుగుల్లో బాగా పేరుపడిన రాజన్ హేవ్‌లాక్‌లోనే ఉండి 2016లో పోయింది. టన్నుల బరువున్న జంతువు ఈదిన నీళ్ళలోకి ఇప్పుడు లైఫ్ జాకెట్ తొడుక్కుని, ట్యూబు పట్టుకుని మనం దిగుతున్నాం. “ఈత రాకపోయినా ఫర్వాలేదు సార్” అనేదే ఇక్కడ అమ్మకం మాట. నిజానికి ఫర్వాలేదు కూడా. తీరానికి దగ్గరలో, అలల్లేని నీళ్ళలో, నిలువెత్తు లోతు కూడా లేనిచోట పగడాలుంటాయి. గైడు ట్యూబు తాడు పట్టుకుని ఈదుతాడు, కస్టమరు ఉత్సవ విగ్రహంలా వెనకాల ఊరేగుతాడు. ఇందులో కస్టమరు చేయవలసిన పని తల వంచడం ఒక్కటే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇంత దూరం ఎందుకు, మనకు లేని సముద్రమా అని అడిగేవాళ్ళున్నారు. సముద్రం ఉంది, పగడపు దిబ్బలు లేవు. పగడానికి వెచ్చని, తేటగా ఉండే ఉప్పునీళ్ళు కావాలి. గోదావరి, కృష్ణ కలిసి కొండల నుంచి మోసుకొచ్చిన ఒండ్రునూ మంచినీళ్ళనూ ఏటా మన తీరంలో పోస్తాయి. ఆ ఒండ్రు వల్ల మనకు వరి పండింది, పగడం పండలేదు. ఈ బేరంలో ఇన్నాళ్ళూ ఎవరికీ నష్టం కనిపించలేదు. హనీమూన్ ప్యాకేజీలు వచ్చాకే తేడా తెలిసింది.

ఇక మొదటి అవమానం మీసానికి జరుగుతుంది. కళ్ళకూ ముక్కుకూ కలిపి తగిలించే మాస్కు చర్మానికి గట్టిగా అతుక్కుంటేనే నీళ్ళు రావు. మధ్యలో వెంట్రుకలుంటే ఆ సందులోంచి సముద్రం లోపలికి వస్తుంది. కాబట్టి గైడు మీ ముఖాన్ని ఒకసారి పరిశీలనగా చూసి, మీసం మీద వ్యాజలీన్ పూయమంటాడు. మరీ గుబురుగా ఉంటే తీసేస్తే మంచిదని సూచిస్తాడు. మీసమైనా జుట్టయినా మనం ఇచ్చేది ఏడుకొండలవాడికి కానీ గాజు అద్దానికి కాదని ఆ బెంగాలీ కుర్రాడికి ఎవరు చెప్పాలి? రెండో అవమానం ఇంకా విచిత్రం. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపలివైపు ఉమ్మి రుద్ది కడగమంటాడు. ఇది పనిచేస్తుంది, ప్రపంచమంతటా ఇదే చేస్తారు. బస్సు కిటికీలోంచి, మెట్ల మలుపుల్లో, గోడల మూలల్లో ఏ సంకోచం లేకుండా ఉమ్మే మనవాళ్ళు, ఉమ్ముకు శాస్త్రీయ ప్రయోజనం ఉన్న ఆ ఒక్కచోట మాత్రం సిగ్గుపడిపోతారు. “ఛీ, వేరే లిక్విడ్ లేదా?”

తరువాత గొట్టం. గొట్టాన్ని పళ్ళతో కరిచిపట్టుకుని నోటితో ఊపిరి తీసుకోవాలి. అంటే మాట్లాడటం కుదరదు. పదిహేను, ఇరవై నిమిషాలు! సినిమా హాల్లో, గుళ్ళో, పెళ్ళిమంత్రాల మధ్యలో, ఐసీయూ తలుపు బయట కూడా ఆగని మాటను ఒక ప్లాస్టిక్ గొట్టం ఆపాలని చూస్తోంది. మనవాళ్ళు ఊరుకోరు. పది సెకన్లకోసారి తల పైకెత్తుతారు, గొట్టం ఊడబీకుతారు.

“ఏమండీ, మీకేమైనా కనిపించిందా?”

“నువ్వు పిలిచావుగా, పోయింది.”

“నాకైతే ఏమీ కనపడట్లేదండీ.”

తల నీళ్ళపైన ఉంటే కనిపించేది ఇంకో తలే. ఆ సంగతి చెప్పడానికి గైడు నోరు తెరిచేలోగా, అవతలి ట్యూబు మీదున్న బావగారు హైదరాబాద్‌లో ఇంతకన్నా పెద్ద అక్వేరియం ఉందని ప్రకటిస్తారు.

ఊపిరి విషయంలోనూ మనకు అన్యాయమే జరుగుతోంది. ప్రాణాయామాన్ని ప్రపంచానికి ఇచ్చింది మనం. రోజూ పొద్దున్నే పార్కులో బుస్సు బుస్సుమంటూ ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసే పెద్దమనిషి, గొట్టం పెట్టుకున్న అరనిమిషానికి కుక్కలా రొప్పుతాడు. అలా పైపైన గబగబా తీస్తే గొట్టంలో మిగిలిన, ఒకసారి వదిలేసిన గాలే మళ్ళీ లోపలికి పోతుంది. దాంతో ఇంకా ఆయాసం, ఇంకా టెన్షన్. నెమ్మదిగా, లోతుగా తీసి, పూర్తిగా వదిలితే చాలు. ఒకవేళ గొట్టంలోకి నీళ్ళొస్తే ఫూ అని ఒక్కసారి గట్టిగా ఊదితే బయటికి పోతాయి. ఇంత చిన్న పాఠం ఒడ్డునే చెబుతారు. చెబుతున్నప్పుడు మనం సెల్ఫీలో ఉంటాం.

హవాయిలోని హనౌమా బేలో అయితే మరీ దారుణం. 2002 నుంచి అక్కడికి వచ్చినవాళ్ళు నీళ్ళలో దిగేముందు తొమ్మిది నిమిషాల వీడియో చూసి తీరాలి. వారంలో రెండు రోజులు చేపలకు సెలవు, మనుషుల్ని రానివ్వరు. పగడాలకు హాని చేస్తాయని రెండు రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని ఆ రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2021 నుంచి ఆపేసింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు వెకేషన్‌కు అక్కడికీ వెళతారు. ఐఐటీ కోసం ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్ ఇప్పించే జాతి మనది. ర్యాంకు రాని ఈ తొమ్మిది నిమిషాల క్లాసులో కూర్చోమంటే ఎలా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గొట్టంలో ఒక చుక్క నీరు పడగానే మనిషిలోని వేల ఏళ్ళ సంస్కారం మేల్కొంటుంది. కాళ్ళు కిందికి దిగుతాయి. కింద గట్టిగా తగులుతుంది. నిలబడతాడు. గండం గడిచింది. సరిగ్గా అప్పుడే గైడు గుండెలు పగిలేలా అరుస్తాడు, “సార్, పైర్ మత్ రఖో!” ఎందుకంటే ఆ గట్టిగా తగిలింది రాయి కాదు, ప్రాణి. గోరంత కూడా ఉండని జీవులు వేలకు వేలు చేరి, కింద సున్నపు ఇల్లు కట్టుకుంటూ పైన పలుచని చర్మంలా బతుకుతుంటాయి. గుండ్రాయిలా పెరిగే రకం పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే మీరు ఎక్కి నిలబడిన ఆ మీటరు ఎత్తు దిబ్బకు దాదాపు వందేళ్ళు. బ్రిటిషువాళ్ళు సెల్యులార్ జైలు కట్టడం పూర్తి చేసింది 1906లో. నిన్న సాయంత్రం ఆ జైలు గోడల ముందు లైట్ అండ్ సౌండ్ షో చూస్తూ కళ్ళు తుడుచుకున్న కుటుంబమే, ఈ పొద్దున దాని ఈడుదాని నెత్తిన నిలబడి మాస్కులో నీళ్ళు ఒంపుకుంటోంది.

చట్టం కూడా పగడం పక్షమే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. కానీ పులి మీద నిలబడితే మిగతాది పులి చూసుకుంటుంది. పగడం మీద నిలబడితే పగడం కేకైనా పెట్టదు. ఇంత బలహీనమైన ఫిర్యాదీని పులి పక్కన కూర్చోబెట్టడం చట్టపరంగా ఎంత అసమంజసమో న్యాయనిపుణులు ఆలోచించాలి.

మరో ధర్మసందేహం. అలా నిలబడినవారి ఉంగరపు వేలికి తరచుగా ఒక ఎర్ర పగడం ఉంటుంది. కుజదోషానికి. అది మధ్యధరా లాంటి సముద్రాల లోతుల్లోంచి వచ్చే వేరే రకం, ఈ దిబ్బల పగడానికి దూరపు చుట్టం. ఒక చుట్టాన్ని వేలికి తొడిగి, మంగళవారం పాలతో కడిగి, దణ్ణం పెట్టి, ఇంకో చుట్టాన్ని కాలికింద నలిపితే కుజుడు ఎవరి పక్షం వహించాలి? పంచాంగకర్తలు దీనికి పరిహారం చెప్పాలి. ఒక్కో కాలికి ఒక్కో హోమం సరిపోతుందేమో.

ఫొటోల దగ్గర మాత్రం సముద్రం మనకు సహకరిస్తుందని ఒప్పుకోవాలి. నీళ్ళలో మాస్కు అద్దంలోంచి చూస్తే ఏదైనా ఉన్నదానికన్నా సుమారు మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. అంటే జానెడు చేప విషయంలో మొదటి అబద్ధం భౌతికశాస్త్రమే ఆడుతుంది. వాట్సాప్ గ్రూపు చేరేలోగా మిగతా మూరెడు మనం కలుపుతాం. వీడియోలో అందరూ బొటనవేలు పైకెత్తి ఉంటారు. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్ళ సైగల్లో బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘ఇక పైకి పోదాం’ అని. బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. మొత్తం వీడియోలో మనవాళ్ళు నిజాయితీగా చెప్పిన మాట ఆ బొటనవేలొక్కటే. గైడుకు అర్థమై ఉంటుంది కానీ, పాపం, ఇంకా ఆరు ఫొటోలు బాకీ.

ఆ ఫొటోల్లోకి చేపలు రావాలంటే బిస్కెట్లు కావాలి. అతిథిగా వెళ్ళి ఆతిథ్యం ఇచ్చే ఉదారత ఇంకే దేశంలో ఉంది? దిబ్బ మీది పాచి మేసి పగడానికి ఊపిరాడనివ్వాల్సిన చేపలు గ్లూకోజ్ బిస్కెట్టుకు మరిగితే, పాచి పెరిగి పగడాన్ని కప్పేస్తుంది. కానీ ఇంటికొచ్చినవాళ్ళు తినకపోతే ఊరుకోని మనం, మనం వెళ్ళిన ఇంట్లోవాళ్ళు మాత్రం తినకపోతే ఊరుకుంటామా? చిలుక చేపను చూడండి, పక్షి ముక్కులాంటి పళ్ళతో రాతి పగడాన్నే కొరికి, నమిలి, సన్నని ఇసుకగా విసర్జిస్తుంది. ఇలాంటి దీవుల తెల్ల ఇసుకలో చాలా భాగం దాని చలవే. కొత్త జంటలు అందులోనే గుండె బొమ్మ గీసి పేర్లు రాసుకుంటారు. వాళ్ళకీ సంగతి చెప్పడం పద్ధతి కాదు.

ఇన్ని సమస్యల మధ్య ఒక శుభవార్త ఉంది. పగడాలు తెల్లబడుతున్నాయి. వాటి ఒంట్లో కాపురముండే, కంటికి కనపడనంత సన్నని వేరే రకం పాచి వల్లే వాటికి రంగూ, తిండీ. నీళ్ళు మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ పాచిని బయటికి వెళ్ళగొడుతుంది, ఒళ్ళంతా తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చస్తుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. శాస్త్రవేత్తలు దీన్ని విపత్తు అంటున్నారు. మన పెళ్ళి ప్రకటనల కొలమానం వాళ్ళకు తెలిసినట్టు లేదు. “అబ్బ, ఎంత తెల్లగా ఉందో!” అని ట్యూబు మీంచి ఒకావిడ మురిసిపోతే, గైడు కుర్రాడు మొహం పక్కకు తిప్పుకుంటాడు. గిరాకీ ముందు నిజం చెబితే టిప్పు పోతుంది.

కాబట్టి నిలబడే హక్కు కోసం ధర్నాలూ, కోర్టు కేసులూ అవసరం లేదని నా అభిప్రాయం. కొంచెం ఓపిక పడితే చాలు. ఇంకొన్ని వేసవులు ఇలాగే గడిస్తే ఆ దిబ్బలన్నీ పొడిపొడి రాళ్ళవుతాయి. అప్పుడు ఎవరైనా, ఎక్కడైనా, ఎంతసేపైనా నిలబడవచ్చు. తల వంచక్కర్లేదు, గొట్టం కరవక్కర్లేదు, మీసం తియ్యక్కర్లేదు, ఎవరూ అరవరు. చేపలు కూడా ఉండవు కాబట్టి ఆ బిస్కెట్లు మనమే తినేయవచ్చు.