పెద్దాయన మీద పోటీయా? ఏటీ కలికాలం!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడింది. జీడిపిక్కలు కొట్టుకుని బతికే ఒక ఆడమనిషి పదివేల రూపాయల డిపాజిట్ కట్టి, మన పెద్దాయన మీద ఎమ్మెల్యేకి నామినేషన్ వేసింది. డబ్బంతా డ్వాక్రా అమ్మలు పోగుచేసిన పది, ఇరవై నోట్లే. లెక్కపెట్టిన గుమస్తాకి వేళ్ళు నొప్పెట్టాయట. ప్రభుత్వ సిబ్బందిని వేధించడం ఇలాగే మొదలవుతుంది.

పెద్దాయన ఐదుసార్లు గెలిచినవాడు. మూడు కండువాలు మార్చాడు గానీ నియోజకవర్గాన్ని మార్చలేదు. అదీ నిలకడంటే.

చావుల విషయంలో అయితే ఆయనకు సాటే లేరు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బుతో ఎవరు పోయినా, మూడో రోజుకల్లా ఆయన కారు వాకిట్లో ఉంటుంది. ఫొటోకి దండ, భార్య చేతిలో కవరు, పిల్లాడి తల మీద చెయ్యి. ఫొటోగ్రాఫరు "సరిగా రాలేదు సార్" అంటే మళ్ళీ తల మీద చెయ్యి. ఒకే వీధిలో మూడిళ్ళున్నా విసుక్కోడు. ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్ళుగా శాస్త్రవేత్తలే తేల్చలేకపోయారు. నీళ్ళన్నారు, ఎండలో కష్టమన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం తేలకుండా మంచినీళ్ళ కుళాయి వేయిస్తే సైన్సుని అవమానించినట్టు కాదూ?

ఈవిడేమో మనిషి పోకముందే వెళుతోంది. డయాలసిస్ రోగుల్ని ఆటో మాట్లాడి ఎక్కించడం, ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చోవడం, పింఛను కాగితాలు పట్టుకుని తిరగడం. అనుభవం లేకపోతే ఇదే తంటా. బతికున్నవాళ్ళ దగ్గరకెళితే ప్రశ్నలడుగుతారు. మొన్న మంచం పట్టిన ఒక ముసలాయన్ని ఓటడగడానికి పెద్దాయన మనుషులు వెళితే, "నాను సచ్చినాక ఎలాగూ ఒస్తారు కదా బావూ, ఇప్పుడేటి తొందర?" అన్నాడు.

ఆవిడకొచ్చిన కొబ్బరితోట గుర్తు కూడా అభ్యంతరకరమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి కొబ్బరిచెట్లు వరసగా నేలకొరిగాయి. జనం ఎలాగోలా మర్చిపోతున్న తోటని మళ్ళీ ఓటింగ్ యంత్రం మీదకి తెచ్చి, పరిహారం ఎవరి ఖాతాలో పడిందో గుర్తుచేయడం కుట్ర కాక ఏమిటి? పెద్దాయన బావమరిదికి ఒక్క చెట్టు లేకపోయినా డబ్బొచ్చిందంటే అది దూరదృష్టి. రాబోయే తుఫాను తాలూకు పరిహారం ముందే తీసుకున్నాడు.

అసలు చిక్కు వేలితో వచ్చింది. జీడి సొన తగిలి ఆవిడ వేళ్ళు గోళ్ళ మొదళ్ళ దాకా నల్లబడిపోయాయి. పోలింగు రోజున ఎడమ చూపుడువేలికి సిరా పూస్తే కనపడుతుందా? పిక్కలు కొట్టే ఆడవాళ్ళందరి వేళ్ళూ ఇంతే. రెండోసారి వస్తే పట్టుకునేదెలా? అందరికీ గ్లౌజులు ఇప్పించి ఉంటే ఈ బెడదే లేకపోను. ఐదు టర్ములు చాల్లేదు, ఏం చేస్తాం.

ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ గల్లంతవుతుందని పెద్దమనసుతో హెచ్చరించాం. "పోతే మాయే కదా బావూ పోతాయి" అంది. ఇలా సొంత డబ్బు పోగొట్టుకునే మనిషి చేతికి ప్రజాధనం అప్పగిస్తామా?

ఈసారికి ఆవిడ తప్పుకుంటే అందరికీ మర్యాద. మార్పే కావాలంటే వచ్చే ఎన్నికలకి పెద్దాయన అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు. ఆ బాబుకి ఉద్దానం కొత్తేమీ కాదు. విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్ళినప్పుడల్లా రైలు పలాసలో ఆగుతుంది, మెలకువగా ఉంటే చూసే ఉంటాడు.