ఫొటోకు సంతకం: ఎంతవరకు నమ్మాలి?

(వార్తాసంస్థ తాను ప్రచురించే ప్రతి ఫొటోకూ సీటూపీఏ అనే, ఫొటో ఎలా పుట్టిందో ఎలా మారిందో నమోదు చేసే బహిరంగ ప్రమాణం ప్రకారం డిజిటల్ సంతకం పెట్టాలా? పెట్టాలంటుంది విమల. దండగంటాడు భాస్కర్.)

భాస్కర్: స్క్రీన్‌షాట్ తీస్తే మీ సంతకం గాలికి పోతుంది విమల గారూ. చాలా మెసేజింగ్ యాప్‌లలో పంపినా అంతే. తుడిస్తే పోయే ముద్రకు ఇంత హంగామా ఎందుకు?

విమల: పోతుంది, కాదనను. కానీ సంతకం పోవడం వేరు, దొంగ సంతకం పుట్టడం వేరు. ఫొటో ఫైల్లోనే మ్యానిఫెస్ట్ అనే వివరాల పత్రం ఉంటుంది. ఏ పరికరంతో తీశారు, ఎక్కడ కత్తిరించారు, ఏఐ వాడారా అన్న వివరాలు అందులో రాస్తారు. ఫైలు బైట్లకు ఎస్‌హెచ్‌ఏ-256 వంటి పద్ధతిలో హ్యాష్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి దాన్నీ చేరుస్తారు. జేపెగ్‌లో మ్యానిఫెస్ట్ ఏపీపీ11 సెగ్మెంట్లనే ఫైలు భాగాల్లో కూర్చుంటుంది, ఆ భాగాన్ని మాత్రం హ్యాష్ లెక్కలోంచి మినహాయిస్తారు. లేకపోతే మ్యానిఫెస్ట్ చేర్చగానే హ్యాష్ తప్పిపోతుంది. చివర్లో, సంతకం ఎవరిదో చెప్పే ఎక్స్.509 సర్టిఫికెట్‌కు జతైన ప్రైవేట్ కీ, అంటే రహస్య సంఖ్యతో సంతకం. ఆ తర్వాత ఒక్క పిక్సెల్ మార్చినా దొరికిపోతారు. ఊడిపోయిన మ్యానిఫెస్టును వెతికే దారి కూడా ఉంది. కంటికి కనపడని వాటర్‌మార్క్‌లో గుర్తింపు సంఖ్య దాచి, దాంతో సర్వర్‌లోని ప్రతిని తెచ్చుకోవచ్చు. స్క్రీన్‌షాట్‌ను అది తట్టుకోవచ్చు.

భాస్కర్: తట్టుకోవచ్చు అంటున్నారు గానీ తట్టుకుంటుంది అనడం లేదు.

విమల: అనలేను. బాగా కుదిస్తే వాటర్‌మార్కూ చెరిగిపోతుంది. అందుకే దానికి వెతికిపెట్టే పని మాత్రమే. మార్పు జరగలేదని చెప్పేది హ్యాషే.

భాస్కర్: మరి కెమెరాయే అబద్ధానికి సంతకం చేస్తే? 2025లో నికాన్ జెడ్6-3 కెమెరాకు ఈ సదుపాయం వచ్చిన కొద్ది రోజులకే ఏమైంది? సంతకం లేని ఫొటోను, ఒకదాని మీద ఒకటి కలిపే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ మోడ్‌లో వాడుకుంటే, కెమెరా నిక్షేపంగా సంతకం చేసి ఇచ్చింది. కంపెనీ సేవను ఆపి, ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ రద్దు చేసింది. నిజాయితీగా తీసినవాళ్ల ఫొటోలూ దాంతోపాటే మునిగాయి. అంతకుముందు 2010లో కానన్ పద్ధతిని, 2011లో నికాన్ పాత పద్ధతిని ఎల్కమ్‌సాఫ్ట్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు ఛేదించారు. ఇన్నేళ్ల తర్వాతా అదే కథ.

విమల: అదే కథ కాదు. అప్పట్లో కెమెరాలోంచి కీనే లాగేశారు. 2025లో ఆ పనికి కీని లాగాల్సిన అవసరమే రాలేదు, తప్పింది ఫర్మ్‌వేర్, అంటే కెమెరాలోని సాఫ్ట్‌వేర్ తర్కం. బయటి ఫొటో కలిసినప్పుడు దాన్ని ఇంగ్రీడియంట్‌గా, అంటే వాడుకున్న ముడిసరుకుగా చూపాలి, లేదా సంతకం నిరాకరించాలి. రెండూ చేయలేదు. నిజాయితీపరులు నష్టపోయారన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

భాస్కర్: ఇంకోటి. ట్రస్ట్ లిస్ట్‌లో, అంటే నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాలో, ఎవరుండాలో ఎవరు తేల్చాలి? ఒంటరిగా పనిచేసే ఫొటోగ్రాఫర్ సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్‌ను తనిఖీ సాధనం నమ్మదు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2022లోనే డీఐడీలనే వికేంద్రీకృత గుర్తింపులను ప్రమాణం చేసింది. ఎవరి గుర్తింపు వాళ్ల చేతిలో ఉంటుంది.

విమల: డీఐడీ వెబ్ పద్ధతిలో గుర్తింపు డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు మీద నిలబడుతుంది. డొమైన్ గడువు తీరి ఇంకొకరు కొంటే, ఆ పేరు వాళ్లదవుతుంది.

భాస్కర్: అది ఆ ఒక్క పద్ధతి లోపం. డీఐడీ కీ పద్ధతికి డొమైనే అక్కర్లేదు.

విమల: అందులో కీయే పేరు. కీ మారిస్తే పేరూ మారుతుంది. పోగొట్టుకుంటే తిరిగిచ్చేవాళ్లే లేరు.

భాస్కర్: పెద్ద సంస్థల గుమ్మం దగ్గర కాచుకోవడం కన్నా అది నయం!

విమల: మీకు నయం, పాఠకుడికి కాదు. సరే, పక్కదారి పట్టాం. అసలు కొంప మునిగేది కీల దగ్గర కన్నా పని వరుసలో. ముందు సంతకం పెట్టి తర్వాత సైటు సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది సైజులు మారుస్తుంది, సైటు ఫైళ్లను పాఠకులకు అందించే సీడీఎన్ సర్వర్లు వెబ్‌పీ అనే ఫైలు రకంలోకి తిప్పుతాయి. హ్యాష్ తప్పుతుంది, లేదా మ్యానిఫెస్టే ఊడిపోతుంది. కాబట్టి మార్పులన్నీ అయ్యాకే చివరి సంతకం. ప్రతి సైజుకూ వేరే మ్యానిఫెస్ట్, దానిలో అసలు ఫొటో పేరెంట్‌గా, అంటే మూలంగా నమోదై ఉండాలి. రెండోది, సంతకం ఎప్పుడు పెట్టారో బయటి సర్వర్ ధ్రువీకరించే ఆర్‌ఎఫ్‌సీ 3161 టైమ్‌స్టాంప్. అది లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజు నుంచి పాత ఫొటోలన్నీ తనిఖీలో ఫెయిల్. మూడోది సిగ్గుపడాల్సినది: సంతకాలు పెట్టే సీటూపీఏ టూల్‌తో, పరీక్షల కోసం వచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌తోనే ప్రచురించేయడం. సంతకం పడుతుంది, నమ్మేవాళ్లు ఉండరు. ఇక లొకేషన్. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే దాన్ని మొదట్లోనే చేర్చకండి. తర్వాత తీసేయడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది గానీ, తీసేశారన్న జాడ ఉంటుంది.

భాస్కర్: పాత ఆర్కైవ్ ఫొటోల మాటేమిటి?

విమల: ఇవాళ సంతకం పెడితే ఇవాళ్టి నుంచి మారలేదన్నంత వరకే రుజువు. చర్యల జాబితాలో 'తెరిచాం' అని రాయాలి, 'సృష్టించాం' అని రాస్తే అది మనమే ఆడిన అబద్ధం.

భాస్కర్: దానికి ఒప్పుకుంటాను. కానీ పాత ఫోనుతో తీసి పంపిన సాక్షి ఉంటాడు. వాడి ఫొటోకు సంతకం ఉండదు. అందరికీ సంతకాలున్న చోట వాడే దొంగలా కనిపిస్తాడు.

విమల: 'సంతకం లేదు' అంటే 'తెలియదు' అని, 'నకిలీ' అని కాదు. ప్రమాణం కూడా అంతకు మించి చెప్పదు.

భాస్కర్: ప్రమాణాన్ని పాఠకుడు చదవడు, ఫొటో మీది గుర్తునే చూస్తాడు. ఆ సాక్షి ఫొటో కింద మీ సైటు ఏ ముక్క చూపిస్తుందో ముందు రాసివ్వండి. సర్టిఫికెట్ కొనే సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.