నేదునూరుకు గ్యాస్ ఎందుకు రాలేదు?

కరీంనగర్ జిల్లా నేదునూరులో 2,100 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రానికి 2010లో శంకుస్థాపన చేశారు. దానికి గ్యాస్ బంగాళాఖాతంలోని కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్ నుంచి వస్తుందనుకున్నారు. రైతులు భూములిచ్చారు. గ్యాస్ కేటాయింపు లేక ఆ విద్యుత్ కేంద్రం కట్టనే లేదు. దీన్ని రాజకీయంగానే చర్చించాం తప్ప, సముద్రం అడుగున ఏముందో చూసింది తక్కువ.

ఒండ్రు పేరుకునే పల్లమైన ఈ కృష్ణా–గోదావరి బేసిన్ దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట, భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయే క్రమంలో ఏర్పడింది. సింగరేణి బొగ్గున్న మన గోదావరి లోయ అంతకన్నా పాత పగులు. లక్షల ఏళ్లుగా నది మోసుకెళ్లిన ఒండ్రు డెల్టా దగ్గరే ఆగలేదు. ఖండపు అంచున వాలు మీద పేరుకుని, అప్పుడప్పుడు ఒక్కసారిగా జారి, బురద ప్రవాహమై లోతు సముద్రంలోకి దూకింది. వాలు తగ్గి వేగం పడిపోయిన చోట ముందు ముతక ఇసుక దిగింది, దానిపైన సన్న ఇసుక, ఆపైన బంకమట్టి. ఇసుక రేణువుల సందుల్లో గ్యాస్ నిలుస్తుంది, పైనున్న బంకమన్ను దాన్ని పోనివ్వదు. 2002లో రిలయన్స్ సముద్ర బ్లాకు కేజీ డీ6లో బయటపడ్డ గ్యాస్, ఆ ప్రవాహాలు సముద్రం అడుగున కోసిన పాయల్లోని ఇలాంటి ఇసుక మేటల్లోదే.

చిక్కంతా ఆ పాయలతోనే. ఒక పాయను మరొకటి కోసుకుపోతుంది, మధ్యలో మన్ను అడ్డుపడుతుంది. భూకంప తరంగాల సర్వే ఇసుక ఉందని చూపగలదు. ఒక మేటలోని గ్యాస్ పక్క మేటలోని బావికి వస్తుందో రాదో తేల్చేది మాత్రం తవ్వకం, దీర్ఘకాల ప్రవాహ పరీక్ష.

ఆ బ్లాకులోని డీ1, డీ3 క్షేత్రాలకు రిలయన్స్ 2006 ప్రణాళికలో నిల్వలు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులన్నారు, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తి అన్నారు. 2009లో ఉత్పత్తి మొదలైంది. 2010లో 6 కోట్లకు చేరి, ఆపై పడిపోయింది. బావుల్లోకి నీరు, ఇసుక చొరబడ్డాయి. నిల్వల అంచనా దాదాపు మూడో వంతుకు కుదించుకుపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ మూతపడ్డాయి. నేల స్వభావమే కారణమని కంపెనీ, బావులు తక్కువ తవ్వారని చమురు, గ్యాస్ తవ్వకాలపై ప్రభుత్వ నియంత్రణ సంస్థ వాదించాయి. నా దృష్టిలో రెండు వాదనలూ ఒకే చోటికి వస్తాయి: మేటలు ఎంతవరకు కలిసున్నాయో తేలకముందే ఒకే అంకె ప్రకటించి, దాని మీద ప్రాజెక్టులు కట్టుకున్నారు.

అలాగని ఆ సముద్రాన్ని వదులుకోమనడం లేదు. అదే బ్లాకులోని 3 కొత్త క్షేత్రాలు 2023 నాటికి రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి వచ్చాయి. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యమున్న రామగుండం ఎరువుల కర్మాగారం నడిచేదీ సహజ వాయువుతోనే. వరంగల్ పత్తి రైతుకూ ఇది దూరపు సంగతి కాదు. కాబట్టి రేపు మరో భారీ నిల్వ ప్రకటన వస్తే, ఎన్ని బావుల్లో ఎన్నాళ్లు పరీక్షించారని, కనిష్ఠ అంచనా ఎంతని మన ప్రజాప్రతినిధులు నిలదీయాలి. భూసేకరణ నోటీసు ఆ జవాబులు వచ్చాకే ఇవ్వాలి.