'హావ్' లాటిన్ నుంచి రాలేదు

ఇంగ్లీషు 'హావ్', జర్మన్ 'హాబెన్' రెండూ లాటిన్ 'హబేరే' నుంచి వచ్చాయని ఒక పోస్టు తెగ తిరుగుతోంది. పలుకు ఒకటే, అర్థం ఒకటే, పైగా రోమన్లు పక్కనే ఉన్నారు కదా అన్నది దాని వాదన.

'పలుకు ఒకటే' అన్న మాట దగ్గరే ఆ వాదన దెబ్బతింటుంది. లాటిన్, జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ చేరిన భాషా కుటుంబం) రెండూ ఒకే మూల భాష నుంచి చీలినవి. లాటిన్‌లో 'క' ఉన్నచోట జర్మానిక్ సొంత మాటల్లో 'హ' కనిపిస్తుంది. నూరుకు కెంటుమ్, హండ్రెడ్. కుక్కకు కనిస్, హౌండ్. కొమ్ముకు కోర్నూ, హార్న్. మన శతం, శునకం కూడా ఈ చుట్టరికంలోవే. డెన్మార్క్ పండితుడు రాస్క్ 1818లో ఈ వరస చూపించాడు, 1822లో జర్మన్ భాషావేత్త జాకబ్ గ్రిమ్ దాన్ని సూత్రీకరించాడు. అదే లాటిన్ 'హ'కైతే జర్మానిక్‌లో 'గ' వస్తుంది: హోస్టిస్, గెస్ట్. అంటే హబేరేకు అసలు బంధువు 'గ'తో మొదలవ్వాలి. అది 'గివ్' అని చాలామంది పండితుల అభిప్రాయం. మన 'హావ్'కు సరైన జత లాటిన్ 'కపెరే', అంటే పట్టుకోవడం.

మరి కపెరేలోని 'ప' జర్మన్ 'హాబెన్'లో 'బ', ఇంగ్లీషు 'హావ్'లో 'వ' ఎలా అయింది? ఇది అడగాల్సిన ప్రశ్నే. గ్రిమ్ సూత్రం ప్రకారం 'ఫ' రావాలి. పాత ఉచ్చారణలో ఊనిక ముందు అక్షరం మీద లేనప్పుడు ఆ 'ఫ' మెత్తబడి 'బ', 'వ' వైపు మారుతుందని డెన్మార్క్ భాషావేత్త కార్ల్ వెర్నర్ 1877లో ప్రచురించిన వ్యాసంలో తేల్చాడు. నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే సాక్ష్యం మాత్రం పాత ఇంగ్లీషు 'హెఫ్ట్'. దాని అర్థం బందీ. లాటిన్‌లో పట్టుబడినవాడు 'కప్తుస్'. క-హ, ప-ఫ, అక్షరం తర్వాత అక్షరం సరిపోతున్నాయి. ఎత్తడం అనే 'హీవ్' కూడా ఈ ధాతువుదే.

అర్థం సంగతికొస్తే, పట్టుకున్నది చేతిలో ఉంటుంది. 'పట్టుకొను' నుంచి 'కలిగి ఉండు' రావడానికి లాటిన్ సాయం అక్కర్లేదు.

ఇక రోమన్ల పొరుగు. వైన్, స్ట్రీట్, చీజ్ నిజంగా లాటిన్ నుంచి తీసుకున్నవే. అయితే చీజ్‌కు మూలమైన 'కాసెయుస్'లోని 'క' ఎప్పుడూ 'హ' కాలేదు. ఆ అరువు జరిగేసరికే క-హ మార్పు ముగిసిపోయిందన్నమాట. ఆ మార్పుకు లోనైన హెఫ్ట్, హీవ్, హావ్ కుటుంబం అంతకన్నా పాతది.

లాటిన్ ప్రభావం ఉండే అవకాశం ఒక్కచోట ఉంది. 'ఐ హావ్ రిటెన్' లాంటి వాక్యాల్లో సహాయక క్రియగా వాడటం పశ్చిమ ఐరోపాలో లాటిన్ సంపర్కంతో బలపడి ఉండొచ్చని కొందరు పండితులు వాదిస్తారు. ఆ చర్చ వాక్య నిర్మాణం గురించి. క్రియ పుట్టుకతో దానికి సంబంధం లేదు.